ఖాతా నడిచే చోట భోజనం

ఖరీదైన నగరంలో తక్కువ డబ్బుకు మంచి తిండి ఎక్కడ దొరుకుతుంది? ఈ మాట ఎత్తగానే చాలామందికి కోఠి, అబిడ్స్, అమీర్‌పేట, మాదాపూర్ గుర్తొస్తాయి. ఇవాళ నేను మాట్లాడేది వాటి గురించి కాదు. పటాన్‌చెరు పక్కనున్న కర్దనూర్ గురించి, దాని చుట్టూ ఉన్న పాటి, ఘనపూర్, ముత్తంగి, భానూర్, ఇస్నాపూర్, పాశమైలారం గురించి. వీటిని నగరం అనవచ్చా అని మీరు అడగవచ్చు. 2024 దాకా కర్దనూర్ గ్రామ పంచాయతీయే. ఆ ఏడు సెప్టెంబర్‌లో పాటి, ఘనపూర్, ముత్తంగి, పోచారంతో పాటు దాన్ని తెల్లాపూర్ మున్సిపాలిటీలో కలిపారు. 2025 డిసెంబర్‌లో ఆ మున్సిపాలిటీ మొత్తాన్ని గ్రేటర్ హైదరాబాద్‌లో కలిపారు. ఏడాదిన్నర తిరక్క ముందే ఊరు మహానగరంలో భాగమైంది.

కాగితం మీద ఈ మధ్య అయింది గాని, ఖర్చులో ఎప్పుడో అయింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఈ నేల ధర మారింది. ఒక పక్క తెల్లాపూర్, కొల్లూరు వైపు ముప్పై, నలభై అంతస్తుల భవనాలు లేచాయి. ఆ కొల్లూరులోనే 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళ కాలనీ ఉంది. ఇంకో పక్క పాశమైలారం, ఇస్నాపూర్‌లలో రేకుల షెడ్లు, మందుల పరిశ్రమలు, ఇనుము కరిగించే కొలుములు. గది కిరాయి నగరం లెక్కన పెరుగుతుంది. కంపెనీ గేటు దగ్గర కాంట్రాక్టర్ ఇచ్చే జీతం మాత్రం పాత పారిశ్రామికవాడ లెక్కనే ఉంటుంది. ఈ రెండింటి నడుమ నలిగేది మనిషి కడుపే. కిరాయి తగ్గించుకోలేడు, ఇంటికి పంపే డబ్బు తగ్గించలేడు. అందుకని తిండి తగ్గించుకుంటాడు. పొద్దున చాయ్, రెండు బిస్కెట్లతో ఎనిమిది గంటల డ్యూటీ మొదలుపెట్టే పిల్లలను ఈ రోడ్ల మీద ఎవరైనా చూడవచ్చు. వాళ్ళ కోసమే ఈ ప్రసంగం. ఉద్యోగానికి కొత్తగా ఇటు వచ్చిన వాళ్ళకు, రుద్రారం కాలేజీలో చేరి గది తీసుకున్న విద్యార్థులకు, ఇంటి దగ్గర వండిపెట్టే మనిషి లేని అందరికీ కూడా.

ముందు అసలు సంగతి చెప్తాను. చవకగా, మంచిగా తినాలంటే బోర్డు చూడకండి, ధర కూడా మొదటే అడగకండి. అక్కడ ఖాతా నడుస్తుందా లేదా చూడండి. గల్లా పక్కన నూలు తాడుతో కట్టిన నోటుబుక్కు ఉందా? దాంట్లో పేరుకో పేజీ ఉందా? వచ్చినవాడు తిని, చేయి కడుక్కుని, పైసలు తీయకుండా "అక్కా, రాస్కో" అని వెళ్ళిపోతున్నాడా? అయితే మీరూ కూర్చోండి.

ఎందుకంటే ఖాతా మీద నడిచే మెస్సు రోజూ వచ్చే అవే ముఖాల మీద బతుకుతుంది. ఇవాళ అన్నం పాడైతే రేపు నలభై మంది రారు. ఎవరికైనా కడుపు నొప్పి వస్తే పక్క గదివాళ్ళు వచ్చి నిలదీస్తారు. వండే ఆమె కూడా ఆ గల్లీలోనే ఉంటుంది, ఎక్కడికీ పోలేదు. హైవే మీద పెద్ద లైట్ల హోటల్ సంగతి వేరు. జహీరాబాద్ నుంచో, సోలాపూర్ నుంచో కారులో వచ్చినవాడు ఒకసారి తిని పోతాడు, మళ్ళీ ఆ బల్ల దగ్గర కూర్చుంటాడో లేదో. వాడిని మళ్ళీ రప్పించుకోవాల్సిన అవసరం ఆ హోటల్‌కు తక్కువ. దాబాల పాత పేరు కూడా ఈ లెక్కతోనే వచ్చింది. ముంబై రోడ్డు మీద దాబాల్లో తిండి బాగుంటుందని ఒకప్పుడు అనేవారంటే, అక్కడ తినే లారీ డ్రైవర్లు వారానికోసారి అదే రోడ్డున తిరిగి వచ్చేవాళ్ళు కాబట్టి. మంచం వేసి, పప్పు తడ్కా, రొట్టె పెట్టి, పచ్చి ఉల్లిగడ్డ అడగకుండానే ఇచ్చేవారు. ఇప్పుడు చాలా దాబాలు రంగుల గొడుగులు, పిల్లల ఉయ్యాలలతో కుటుంబాల కోసం మారాయి. లారీలు ఆగే దాబాలు ఇంకా ఉన్నాయి. లారీలు ఎక్కడ ఆగితే అక్కడ తినమనే పాత సలహా ఈ రోడ్డు మీద ఇప్పటికీ పనికొస్తుంది.

ఖాతా మెస్సు చవకగా ఎలా ఇవ్వగలుగుతుందో కూడా తెలుసుకోవాలి. తక్కువ ధర అంటే తక్కువ రకం అని చాలామంది అనుమానిస్తారు, చాలాసార్లు ఆ అనుమానం తప్పు. ఇంటి ముందు గదిలోనే బల్లలు వేస్తారు కాబట్టి దుకాణం కిరాయి లేదు. భార్యాభర్తలు, ఒక చెల్లెలో మరదలో కలిసి చేసే పని కాబట్టి జీతాలు లేవు. అన్నిటికంటే పెద్దది, ఇవాళ ఎంతమంది తింటారో పొద్దున్నే తెలుసు. ఫలానా కంపెనీకి సెలవు, ఫలానా గదివాళ్ళు ఊరికి పోయారు అని లెక్క వేసుకుని బియ్యం కడుగుతారు. పారబోసేది ఉండదు. రెండు వందల రకాలు రాసిన మెనూ కార్డు హోటల్‌లో ఎవరు ఏం అడుగుతారో తెలియదు. అందుకే అన్నీ ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి, పాడైన దాని ఖర్చు కూడా మీ బిల్లులోనే వేయాలి. మెస్సులో పప్పు ఒకటి, కూర ఒకటి, చారో సాంబారో, పచ్చడి, మజ్జిగ. ఆదివారం కోడికూర, బగారా అన్నం. ఇంతే. రకాలు తక్కువున్న చోట తాజాదనం ఎక్కువుంటుంది.

ఆ వండే ఆమెకు ప్రతి నెలా ఒకటో తారీఖు గుబులు. హోటళ్ళు వాడే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ ధర ప్రతి నెలా ఆ రోజే మారుతుంది. నూనె ధర పెరిగితే పోపులో తగ్గించవచ్చు, టమాటా పిరమైతే చింతపండు వేయవచ్చు. గ్యాస్‌ను తగ్గించలేం. భోజనం ధర ఐదు రూపాయలు పెంచాలంటే ఆమె నెలలు ఆలోచిస్తుంది. పెంచితే పది మంది పక్క గల్లీకి పోతారు. నిజానికి ఈ పారిశ్రామికవాడను నడిపే వాళ్ళలో ఈ ఆడవాళ్ళను ఎవరూ లెక్కపెట్టరు. వాళ్ళు ఒక్క వారం పొయ్యి ముట్టించకపోతే ఎన్ని షిఫ్టులు ఆగుతాయో ఊహించండి.

ఇక్కడ మెస్సుల సమయం హోటళ్ళ సమయం కాదు, షిఫ్టుల సమయం. తెలియనివాళ్ళు మధ్యాహ్నం మూడున్నరకు వచ్చి అన్నం చల్లగా ఉందని పోతారు. ఆరు గంటల షిఫ్టు ఎక్కేవాళ్ళ కోసం తెల్లవారుజామున ఐదుకే టిఫిన్ బండ్లు వస్తాయి. ఆ వేళ ఇడ్లీ ఆవిరి మీద ఉంటుంది, పల్లి చట్నీ అప్పుడే రుబ్బింది ఉంటుంది. తొమ్మిది దాటితే చట్నీలో నీళ్ళు చేరతాయి. పొద్దున తినాల్సింది ఇడ్లీయే. నూనె లేదు, ఆవిరి మీద ఉడికింది, కడుపులో ఉంటుంది. మూకుడులో నూనె నల్లబడి, మీద నురగ లేస్తుంటే వడ, పూరి, బజ్జి ఎంత చవకైనా వదిలేయండి. మళ్ళీ మళ్ళీ కాగిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 నుంచి నిబంధన ఉంది. బండి దగ్గర కొలత పరికరం ఎవరూ తేరు గాని, కన్ను, ముక్కు చాలావరకు చెప్పేస్తాయి.

మధ్యాహ్నం అన్నం వేడిగా దిగేది పన్నెండున్నర ప్రాంతంలో, జనరల్ షిఫ్టు వాళ్ళ కోసం. రెండింటికి ఒక షిఫ్టు దిగి ఇంకోటి ఎక్కుతుంది కాబట్టి ఒకటిన్నరకు రెండో వాయి అన్నం పడుతుంది. ఆ రెండు వేళలూ మంచివి. రాత్రి పదికి దిగేవాళ్ళదే కష్టం. అప్పటికి చాలా మెస్సులు గిన్నెలు బోర్లిస్తాయి. మిగిలేది ఫాస్ట్‌ఫుడ్ బండి, ఎగ్ ఫ్రైడ్ రైస్, నూడుల్స్. కళ్ళ ముందు వేడి వేడిగా చేస్తారు, అది మంచిదే. కాని రోజూ రాత్రి అదే తింటే నూనె, మంట తప్ప ఒంటికి పట్టేది తక్కువ. అదే బండి పక్కన రొట్టెలు కాల్చే చోటు ఉంటుంది. రెండు రొట్టెలు, ఒక గుడ్డు కూర తినండి. ధర అంతే, పొద్దుటి దాకా ఆకలి కాదు.

రొట్టెలు కాల్చే ఆ చోట్లు ఎక్కువగా మన వాళ్ళవి కావు. ఈ ప్రాంతంలో చెమటోడ్చేవాళ్ళలో బీహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌ల వాళ్ళు ఎందరున్నారో రాష్ట్రానికంతా తెలిసింది ఒక దుర్దినాన. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక పరిశ్రమలో పేలుడు జరిగి యాభై మందికి పైగా పోయారు. ఆ పేర్ల జాబితా చదివినప్పుడు ఎన్ని రాష్ట్రాల తల్లులు అన్నం ముద్ద దించలేకపోయారో అనిపించింది. ఆ పిల్లలు తినేచోట మనం ఎప్పుడూ తినం. తినాలని నా మాట. బీహార్ వాళ్ళ లిట్టీ అంటే వేయించిన శనగల పిండిలో వెల్లుల్లి, మిర్చి కలిపి గోధుమపిండి ముద్దలో పెట్టి నిప్పుల మీద కాల్చేది. దాంతో చోఖా, అంటే కాల్చిన వంకాయ, ఆలుగడ్డ, టమాటా నలిపి ఆవనూనె చుక్క వేసింది. మన వంకాయ బజ్జీ పచ్చడికి అది దూరపు చుట్టం కాదు, దగ్గరి బంధువే. తక్కువ డబ్బుకు ఇంత పప్పుబలం ఉన్న తిండి ఈ వాడలో ఇంకోటి నాకు కనిపించలేదు. ఒడిశా వాళ్ళ దాల్మాలో పప్పుతో పాటు గుమ్మడి, అరటికాయ, వంకాయ కలిసి ఉడుకుతాయి. ఎండాకాలం వాళ్ళు తినే పఖాళ మన సద్దన్నమే. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున ఉల్లిగడ్డ, పచ్చిమిర్చితో తినేది. మన ఇళ్ళల్లో మనం మరిచిపోతున్నదాన్ని వాళ్ళు మన ఊరికి తెచ్చుకుని తింటున్నారు.

ఈ ముంబై రోడ్డే ఒకప్పుడు మన వాళ్ళను బొంబాయికి తీసుకెళ్ళింది. తెలంగాణ జిల్లాల నుంచి పోయిన కూలీలు, పద్మశాలీలు అక్కడి మిల్లుల్లో, భివండీ మగ్గాల మీద పనిచేశారు. గిరణ్‌గావ్ అనే ఆ మిల్లుల పేటలో ఖాణావళులు ఉండేవి. ఒక ఆడమనిషి తన చిన్న గదిలో ఇరవై ముప్పై మంది కార్మికులకు నెలవారీ ఖాతా మీద వండిపెట్టేది. మిల్లు జీతం పడ్డ రోజే ఆమెకు డబ్బు. మధ్యలో సరుకులకు వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు. ఆ ఆడవాళ్ళను ఒకచోట చేర్చి, బ్యాంకుల నుంచి రుణాలు ఇప్పించడానికి ప్రేమా పురావ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టారు. కర్దనూర్, ఇస్నాపూర్‌ల మెస్సు నడిపే అక్కల పరిస్థితి ఇవాళ సరిగ్గా అదే. సరుకు నెల మొదట్లో అప్పు తెస్తారు, డబ్బు నెల చివర వస్తుంది. మన దగ్గర మహిళా సంఘాలు ఊరూరా ఉన్నాయి, బ్యాంకు లింకేజీ రుణాలున్నాయి. మెస్సులు నడిపేవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఒక సంఘం కడితే నెలవడ్డీ వాళ్ళ నుంచి వాళ్ళు బయటపడతారు. ఇది కొత్తగా కనిపెట్టాల్సింది కాదు, యాభై ఏళ్ళ కింద బొంబాయిలో చేసి చూపించారు.

డబ్బుకు భోజనం పెట్టే ఇల్లు మనకు మాత్రం కొత్తా? కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ సాగే క్రీడాభిరామం అనే పాత తెలుగు రచనలో ఒక పూటకూటి ఇల్లు వస్తుంది. ఒక రూకకు ఆ ఇంట్లో ఏమేం వడ్డిస్తారో కవి వరుసగా చెప్తాడు. మంచి బియ్యం అన్నం దగ్గర మొదలై పెసరపప్పు, నెయ్యి, అరటిపండ్లు, గడ్డ పెరుగు దాకా ఉంటుంది. రాజధానిలో సొంత ఇల్లు లేని మనిషికి ఆ రోజుల్లోనే అలాంటి ఇల్లు దిక్కు. కవి హోటల్ పేరు చెప్పలేదు, వండే ఇంటివారి పేరు చెప్పాడు. మంచి మెస్సుకు ఇవాళ్టికీ అంతే. బోర్డు ఉండదు, "ఆ అక్క దగ్గర" అంటారు.

గదిలో అన్నం వండుకుని కూర మాత్రం కొనుక్కునే వాళ్ళకు కర్రీ పాయింట్ ఉంది. నాకు తెలిసి పట్నం మధ్యతరగతికీ, బ్యాచిలర్ గదులకూ ఇంత మేలు చేసిన ఏర్పాటు ఇంకోటి లేదు. ఇద్దరు ముగ్గురు కలిసి గదిలో ఉంటే ఒక పప్పు, ఒక వేపుడు పార్సిల్ తెచ్చుకుంటే పూట గడుస్తుంది. మనిషికి పడే ఖర్చు మెస్సు కంటే బాగా తక్కువ. రెండు జాగ్రత్తలు. సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య వెళ్ళండి, అప్పుడే గిన్నెలు దిగుతాయి. స్టీలు డబ్బా తీసుకెళ్ళండి. సలసల కాగే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి ముడివేయడం మన దగ్గర మామూలైపోయింది, అది మంచిది కాదు. డబ్బా ఇస్తే ఏ కర్రీ పాయింట్ అతనూ కాదనడు, ఒక గరిటె ఎక్కువే పోస్తాడు. గదిలో గ్యాస్ కోసం చిన్న సిలిండర్లలో దొంగచాటుగా నింపించుకోకండి, ప్రాణాల మీదికి వస్తుంది. చిరునామా రుజువు లేకపోయినా గుర్తింపు కార్డు చూపిస్తే గ్యాస్ ఏజెన్సీల్లో 5 కిలోల సిలిండర్ ఇస్తారు. రేషన్ కార్డు సొంత ఊళ్ళో ఉందని బియ్యం వదిలేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఒకే దేశం ఒకే రేషన్ కింద ఇతర రాష్ట్రాల కార్డుదారులు ఇక్కడి రేషన్ షాపులో వేలిముద్ర వేసి తమ వాటా తీసుకోవచ్చు. దీని కోసం 2019లో దేశంలో మొదట చేసిన ప్రయోగాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య జరిగింది ఒకటి.

జొన్నరొట్టె సంగతి చెప్పకుండా సంగారెడ్డి జిల్లా తిండి గురించి మాట్లాడలేను. పొద్దుగూకే వేళ రామచంద్రాపురం, బీరంగూడ, పటాన్‌చెరు రోడ్ల పక్కన కట్టెల పొయ్యి పెట్టుకుని, అరచేతులతో తట్టి రొట్టెలు చేసే ఆడవాళ్ళు కనిపిస్తారు. షుగరున్న వాళ్ళు కార్లు ఆపి కొనుక్కుంటారు. కూలీ మనిషికి ఒక్క రొట్టె ధర పరోటాకు దగ్గరదగ్గరగా ఉంటుంది గాని, రెండు రొట్టెలు, కాస్త ఎర్రకారం, ఒక పప్పుకూర ఉంటే అది పూర్తి భోజనం. ఈ జిల్లాలోనే జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళల సంఘాలతో కలిసి జొన్న, సజ్జ, కొర్రలను మళ్ళీ పొలాల్లోకి తెచ్చింది. 2008లో మాచునూరులో వాళ్ళే సంఘం రేడియో పెట్టుకున్నారు. ఆ మైకు ముందు కూర్చున్న ఆడవాళ్ళు పంటల గురించి, తిండి గురించి తమ యాసలోనే మాట్లాడారు. పేదవాడి తిండి అని ఒకప్పుడు పక్కన పెట్టిన జొన్న, ఇప్పుడు పేదవాడికి అందకుండా పెద్ద దుకాణాల్లో ప్యాకెట్లలోకి పోతుంటే బాధ కలుగుతుంది. రోడ్డు పక్క రొట్టె చేసే ఆమె దగ్గర కొనండి. డబ్బు నేరుగా చేసిన చేతికి పోతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది నీళ్ళు. వేరే ఊళ్ళో అయితే హోటల్‌లో నీళ్ళ సంగతి చివర అడుగుతాం. పటాన్‌చెరు ప్రాంతంలో మొదట అడగాలి. పారిశ్రామిక వ్యర్థాలతో ఇక్కడి వాగులు, చెరువులు, బోర్లు ఎలా చెడిపోయాయో పెద్దవాళ్ళకు తెలుసు. 1990లో ఆ గొడవ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. పాడైన ఊళ్ళకు తాగునీళ్ళు ఇవ్వాలని కోర్టు చెప్పాల్సి వచ్చింది. పటాన్‌చెరు వైద్యుడు డాక్టర్ కిషన్‌రావు లాంటి వాళ్ళు ఏళ్ళ తరబడి దీని కోసం పోరాడారు. అందుకని మెస్సులో కూర్చోగానే "అక్కా, వంటకు ఏ నీళ్ళు?" అని అడగండి. మంజీరా నల్లా నీళ్ళు, లేదా నమ్మకమైన ప్లాంటు క్యాను అని చెప్తే చాలు. బోరు నీళ్ళతో పప్పు ఉడికిస్తున్నామంటే వేరే చోటు చూసుకోండి. ఈ ప్రశ్నకు మంచి మెస్సువాళ్ళు నొచ్చుకోరు, వాళ్ళ పిల్లలూ అదే అన్నం తింటారు కాబట్టి. గోడ మీద పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు నంబరు ఉందా అని కూడా చూడవచ్చు. లేకపోతే అరవకండి. చిన్న వ్యాపారికి ఆ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చని చెప్పండి. చదువుకున్న పిల్లలెవరైనా ఒక సాయంత్రం కూర్చుని చేసిపెడితే ఆమెకు తనిఖీ భయం పోతుంది.

కంపెనీ లోపల క్యాంటీన్ సంగతికొస్తాను. ఇదివరకు 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 46వ సెక్షన్‌లో, 250 మందికి మించి కార్మికులున్న ఫ్యాక్టరీలో క్యాంటీన్ ఉండాలని ఉండేది. దాన్ని నడిపే కమిటీలో కార్మికుల ప్రతినిధులు ఉండాలనీ ఉండేది. క్యాంటీన్ నిర్వహణలో కొన్ని ఖర్చులు యజమానే భరించాలని, వాటిని తిండి ధరలో కలపకూడదని కూడా ఉండేది. పాశమైలారం, ఇస్నాపూర్ చిన్న యూనిట్లు చాలావరకు ఆ సంఖ్య లోపే ఉంటాయి కాబట్టి తప్పించుకున్నాయి. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం కాంట్రాక్టు కార్మికులతో కలిపి వంద మంది ఉంటే చాలు, క్యాంటీన్ ఏర్పాటు చేయాలి. ఈ మాట ఎంతమంది కార్మికుల చెవిన పడిందో నాకు అనుమానమే. అందుకే రేడియోలో చెప్తున్నాను. మీ కంపెనీలో వంద మంది ఉంటే క్యాంటీన్ అడగండి, ఒక్కరే కాకుండా పదిమంది కలిసి అడగండి.

ఇక ఐదు రూపాయల భోజనం. 2014 మార్చిలో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్, హరేకృష్ణ మూవ్‌మెంట్ ఫౌండేషన్‌తో కలిసి దీన్ని మొదలుపెట్టింది. అంతకు ఏడాది ముందు చెన్నైలో అమ్మ క్యాంటీన్లు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో వచ్చిన అన్న క్యాంటీన్లు 2019లో మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. ప్రభుత్వాలు మారినా మూతపడని అదృష్టం హైదరాబాద్ భోజనానికి దక్కింది. పేరు మాత్రం అన్నపూర్ణ నుంచి ఇందిరమ్మ క్యాంటీన్‌గా మారింది. 2025 సెప్టెంబర్ 29 నుంచి ఐదు రూపాయలకే టిఫిన్ కూడా ఇస్తున్నారు. అన్నం, పప్పో సాంబారో, కూర, పచ్చడి ఉన్న మధ్యాహ్న భోజనానికి నిజంగా అయ్యేది దాదాపు ముప్పై రూపాయలు. తినేవాడు ఐదు ఇస్తే మిగతాది కార్పొరేషన్ ఇస్తుంది. ఆసుపత్రుల ముందు, కూలీల అడ్డాల దగ్గర ఆ వరుసలో నిలబడేవాళ్ళలో డిగ్రీ చదివే పిల్లలు, ఆటో డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, అడ్డా కూలీలు అందరూ ఉంటారు. ఆ వరుసలో నిలబడటానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అది భిక్ష కాదు, మన పన్నుల డబ్బు.

ఇందులో రెండు లోపాలు నాకు కనిపిస్తాయి. మొదటిది హద్దు. ఇన్నాళ్ళూ ఆ క్యాంటీన్ కార్పొరేషన్ హద్దు దగ్గర ఆగిపోయింది. పటాన్‌చెరు, రామచంద్రాపురం 2007 నుంచే గ్రేటర్‌లో ఉన్నాయి, అవతల కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్దనూర్ లేదు. ఆకలి డివిజన్ నంబరు చూసి రాదు. రెండోది వేళ. మధ్యాహ్నం గిన్నెలు ఖాళీ అయ్యేదాకే భోజనం. పారిశ్రామికవాడలో సగం మందికి అసలు ఆకలి వేళ రాత్రి పది. ఆ వేళకు ఒక్క ప్రభుత్వ పొయ్యీ వెలగదు.

అందుకే శ్రోతలకు ఒక మాట, అధికారులకు ఒక మనవి. ఖాతా మీద తినేవాళ్ళు జీతం పడ్డ రోజే ఖాతా తీర్చండి. ఊరికి పోయేటప్పుడు బాకీ ఉంచి పోకండి. ఒక్కడు ఎగవేస్తే ఆమె ఆ బరువు మిగతా వాళ్ళ ప్లేటు మీద వేయక తప్పదు. అధికారులకు నా మనవి ఇది. కర్దనూర్, పాటి, ఘనపూర్, ముత్తంగి ఇప్పుడు మహానగరంలో ఉన్నాయి. ఇంటిపన్ను నగరం లెక్కన కట్టాల్సినప్పుడు ఐదు రూపాయల భోజనం కూడా నగరం లెక్కన అందాలి. ముత్తంగి చౌరస్తాలో ఒకటి, కర్దనూర్ వైపు ఒకటి, ఇస్నాపూర్ చౌరస్తా దగ్గర ఒకటి పెట్టండి. వాటిని రాత్రి షిఫ్టు దిగేవాళ్ళ కోసం పదిన్నర దాకా తెరిచి ఉంచండి.